నీళ్ల దగ్గర ఎవరున్నారు?

మొన్న వేసవి సెలవుల్లో మూడు కుటుంబాల వాళ్లం కలిసి సముద్రపు వొడ్డున ఒక హోటల్లో దిగాం. పెద్దవాళ్లం ఎనిమిది మందిమి, పిల్లలు అయిదుగురు. హోటలు వెనకాల స్విమ్మింగ్ పూల్ వుంది. నీలం రంగు పలకలు, చుట్టూ వాలుకుర్చీలు, ఆర్డరిస్తే అక్కడికే వచ్చే వేడివేడి బజ్జీలు. ఇంకేం కావాలి! మా ఆడపడుచు జంతికల డబ్బా మూత తీసింది. కబుర్లు మొదలయ్యాయి.

వున్నట్టుండి మా తోడికోడలు "చిన్నాడేడీ?" అంది.

నాలుగేళ్ల వాడు, ఆవిడ మనవడు. ఎక్కడికో పోలేదు. మాకు నాలుగడుగుల దూరంలోనే, నీళ్లలోనే వున్నాడు. మొహం ఆకాశం వైపు, నోరు నీళ్లలో. ఒక్క కేక లేదు, నీళ్లు కొట్టుకున్న చప్పుడు లేదు. మా మరిది చొక్కా, చేతిగడియారంతో సహా దూకి వాణ్ని పైకి లాగాడు. దగ్గి దగ్గి, చివరికి గుక్క పెట్టి ఏడ్చాడు. అంత కమ్మని ఏడుపు నా జన్మలో వినలేదు.

సరిగ్గా అప్పుడే వాడి తల్లి, చంటిదానికి పాలు కలుపుకుని గదిలోంచి వచ్చింది. ఎనిమిది మందిలో అక్కడ లేనిది ఆ పిల్ల ఒక్కతే. అయినా అందరం ఆవిడ వైపే తిరిగాం. "నువ్వేం చేస్తున్నావమ్మా?" అన్నాం. ఆ అన్నవాళ్లలో నేనూ వున్నాను. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేస్తే, నీళ్లకీ పిల్లలకీ మధ్య చాలా పెద్ద చరిత్రే కనబడింది.

మొహెంజొదారోలో బయటపడ్డ మహా స్నానఘట్టం సంగతి మనం బళ్లో చదువుకున్నదే. సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్లకు కాస్త తక్కువ లోతు. రెండు కొసలా మెట్లు కట్టారు. మన గుళ్ల కోనేళ్లకీ మెట్లే కదా! పాదం తడిసి, మోకాలు తడిసి, ఆ తర్వాతే నడుము తడుస్తుంది. అలాగని కోనేట్లో పిల్లలు మునగలేదని కాదు. కాని ఇవాళ్టి హోటలు పూల్‌కి చాలాచోట్ల ఓ మూల నిచ్చెన, మిగతా చుట్టూ నిట్టనిలువు గోడ. అంచు దాటిన అడుగు నేరుగా లోతులోకే.

మునిగిన వాళ్ల గురించి సంఘాలు పెట్టి ఆలోచించడం పద్ధెనిమిదో శతాబ్దంలో మొదలైంది. కాలవల నగరం ఆమ్‌స్టర్‌డామ్‌లో 1767లో అలాంటి సంఘం ఒకటి పుట్టింది. దాన్ని చూసి 1774లో లండన్‌లో విలియం హాస్, థామస్ కోగన్ అనే ఇద్దరు వైద్యులు మరొకటి పెట్టారు. అదే తర్వాత రాయల్ హ్యూమేన్ సొసైటీ అయింది. చచ్చిపోయాడని వదిలేసిన మనిషికి కూడా ప్రాణం పోసే ప్రయత్నం చేసిన వాళ్లకు బహుమతి ఇచ్చేవారు. మంచి పనే. అయితే వాళ్ల ఆలోచనంతా నీళ్లలోంచి తీశాక ఏం చెయ్యాలన్న దాని మీదే.

అది తేలడానికీ రెండు వందల ఏళ్లు పట్టింది. పీపా మీద దొర్లించారు, పొగ పట్టించారు. మన వూళ్లలో కాళ్లు పట్టి తిప్పడం, పొట్ట నొక్కడం తెలిసిందే. 1950లలో జేమ్స్ ఎలామ్, పీటర్ సఫార్ అనే డాక్టర్లు నోట్లో నోరు పెట్టి ఊపిరి వూదడమే మేలని రుజువు చేశారు. 1960లో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు ఛాతీ మీద నొక్కి గుండెను నడిపించే పద్ధతి ప్రకటించారు. అందుకే ఇవాళ డాక్టర్లు, "పొట్ట నొక్కి నీళ్లు కక్కిస్తూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయించండి, ఊపిరి వూదండి, గుండె నొక్కండి" అంటారు. ఇది మనమంతా ఓ పూట కూర్చుని నేర్చుకోవలసిన విద్య. మా మరిది దూకాడు సరే, వాడు ఏడవకపోయి వుంటే? మాలో ఒక్కరికీ ఏం చెయ్యాలో తెలియదు.

మరి మాకు చప్పుడెందుకు వినబడలేదు? దీనికి జవాబు న్యూయార్కులో దొరికింది. అక్కడి ఆర్చర్డ్ బీచ్‌లో ఫ్రాంక్ పియా అనే లైఫ్‌గార్డు, మునుగుతున్న వాళ్లను ఫిల్ము తీసి, అది చూసి చూసి 1970లలో ఒక సంగతి చెప్పాడు. ఈత రాని మనిషి మునిగేటప్పుడు కేకలు వెయ్యడు, చెయ్యి వూపడు. నోరు నీళ్లపైకి వచ్చిన క్షణంలో ఊపిరి పీల్చుకోవడానికే వ్యవధి చాలదు, ఇక కేకెక్కడిది? చేతులు రెండు పక్కలా చాచి నీళ్లను కిందికి నొక్కుతాయి, వాటిని పైకెత్తడం తన వశంలో వుండదు. ఇదంతా 20 నించి 60 సెకన్లు. సినిమాల్లో హీరోయిన్ "కాపాడండీ" అని ఏటి మధ్యలో పల్లవి ఎత్తుకోవడం చూసి చూసి, మనం ఆ కేక కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాం. ఒక జంతిక నమిలే సేపట్లో అంతా అయిపోతుంది.

"అయితే తల్లి కళ్లల్లో వత్తులు వేసుకుని చూస్తే సరి" అంటారా? ఈ కథ వినండి. 2002 జూన్‌లో అమెరికాలో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల పాప, స్నేహితుల ఇంట్లో విందుకి వెళ్లింది. ఆ దేశానికి విదేశాంగ మంత్రిగా చేసిన జేమ్స్ బేకర్ మనవరాలు. ఈత బాగా వచ్చు. అక్కడి వేణ్ణీళ్ల తొట్టిలో దిగితే, అడుగున నీళ్లు లాగే గొట్టం పాపను పట్టేసుకుంది. తల్లి నీళ్లలోకి దూకి లాగింది. రాలేదు. పంపు లాగే బలం ముందు తల్లి బలం చాలలేదు. చివరికి ఇద్దరు మగవాళ్లు కలిసి లాగితే మూత విరిగి పాప వచ్చింది గాని, ప్రాణం దక్కలేదు.

ఆ తల్లి ఇంట్లో కూర్చుని ఏడవలేదు. నాన్సీ బేకర్ చట్టసభ దాకా వెళ్లి తన కథ చెప్పింది. 2007 డిసెంబర్‌లో పాప పేరుతోనే చట్టం వచ్చింది. ప్రజలు వాడే ప్రతి పూల్ అడుగునా మనిషిని పట్టెయ్యని మూతలుండాలి. గొట్టం ఒక్కటే వుంటే, లాగుడు ఎక్కువైనప్పుడు పంపు దానంతటదే ఆగిపోయేలాంటి ఏర్పాటు మరొకటి కూడా వుండాలి. ఫ్రాన్సులో 2003లో ఇంకో చట్టం చేశారు. ఇళ్లలోని పూల్‌కి కంచెగాని, అలారంగాని, మూతగాని, పైకప్పుగాని, ఏదో ఒకటి వుండి తీరాలి. అంటే ఏమిటి? తల్లి రెప్ప వాల్చే సేపు ఒకటి వుంటుందని రాజ్యం కూడా ఒప్పుకున్నట్టేగా!

అన్నిటికంటే నా మనసుకు పట్టింది మాత్రం బంగ్లాదేశ్ సంగతి. అక్కడ పూల్‌లు కావు, ఇంటి వెనక చెరువులు. ఆడవాళ్లు పొద్దుటి పూట వంటావార్పూ, పొలం పనీ చూసుకునే వేళకే పిల్లలు నీళ్లలో పడుతున్నారని లెక్కల్లో తేలింది. "తల్లులారా, జాగ్రత్త" అని గోడ మీద రాసి వూరుకోలేదు వాళ్లు. వూరిలోనే ఒక ఆవిడకు తర్ఫీదు ఇచ్చి, ఏడాది నించి అయిదేళ్ల లోపు పిల్లల్ని పొద్దున్న 9 నించి మధ్యాహ్నం 1 దాకా ఆవిడ దగ్గర వుంచారు. దానికి "ఆంచల్" అని పేరు. అంటే మన భాషలో చీర చెంగు. ఆంచల్‌కు వెళ్లే పిల్లల్లో మునిగి పోయిన చావులు అయిదింట నాలుగు వంతులు తగ్గాయి. ఆ బంగ్లాదేశ్, ఐర్లండుతో కలిసి ముందు నిలిచి, 2021లో ఐక్యరాజ్యసమితి చేత జులై 25ను మునక నివారణ దినంగా ప్రకటింపజేసింది. ఆ ఒక్క ఏడాదిలో ప్రపంచంలో నీళ్లలో పోయినవాళ్లు సుమారు 3 లక్షలట. వాళ్లలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్ల లోపు పసివాళ్లు.

ఇదంతా చదివాక నాకు అర్థమైంది ఒకటే. తల్లికి చెంగు ఒక్కటే. చంటిది ఒక కొస పట్టుకుంటే పెద్దవాడికి రెండో కొస అందదు. ఆ చెంగు పట్టడానికి ఇంకొకరు వుండాలి. ఆ ఇంకొకరెవరో పేరు పెట్టి చెప్పుకోవాలి. ఎనిమిది మంది వున్నారంటే ఎవరూ లేరనే లెక్క.

మళ్లీ దసరాకి అందరం కలిసి వెళ్లాం. హోటలు పూల్‌కి కంచె వుందా, లైఫ్‌గార్డు వున్నాడా అని ముందే ఫోన్ చేసి అడిగాను. వెళ్లేటప్పుడు ఒక ఎర్ర తువ్వాలు పట్టుకెళ్లాను. అది ఎవరి భుజాన వుంటే వాళ్లది కాపలా. వాళ్లకు కబుర్లు లేవు, ఫోను లేదు, జంతికలు లేవు. ఈత రాని పిల్లలకు చెయ్యి చాపితే అందేంత దూరంలో వుండాలి. చేతికి గాలి బుడగలు తగిలించామని ధీమా పనికిరాదు. పావుగంట కాగానే "ఇక నువ్వు చూడు" అని పైకి చెప్పి, అవతలివాళ్లు "సరే" అన్నాకే తువ్వాలు మార్చుకోవాలి.

మొదటి తువ్వాలు మా బావగారి భుజాన వేశాం. ఆయన కాస్త మొహం చిట్లించారు గాని, కుర్చీ వదిలి గట్టు మీద కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నారు. చిన్నాడి తల్లి ఆ పావుగంటా చల్లారని కాఫీ తాగింది. పెళ్లయ్యాక ఇదే మొదటిసారిట!