వీసా 18 నంబరా, 20 నంబరా? పశ్చిమ ప్రకాశం నుంచి గల్ఫ్‌కు పోయేవారు ముందే చూడాల్సిన కాగితాలు

మార్కాపురం పలక రాయి విదేశాలకు పోతుంది. పోయే ముందు దానికో ఇన్వాయిస్ ఉంటుంది. కొనేవాడి పేరు, రేటు, డబ్బు చేరాల్సిన గడువు అందులో రాసి ఉంటాయి. ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి మనిషి పోయేటప్పుడు మాత్రం పాస్‌పోర్టు దళారి చేతిలో, వీసా కాపీ ఫోన్‌లో, జీతం నోటిమాటలో ఉంటాయి. గల్ఫ్ మోసాల మీద వచ్చే వార్తలు ఎక్కువగా అక్కడ ఏం జరిగిందో చెబుతాయి. మేము ఇక్కడ, ప్రయాణానికి ముందు జరిగేదాని గురించి రాస్తున్నాం. రెండేళ్ల కాంట్రాక్టు చాలాసార్లు విమానం ఎక్కకముందే చెడిపోతుంది.

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతం మెట్ట. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ నీళ్ల మాట వింటూనే ఒక తరం పెద్దదైంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్. పలకల పని తగ్గిపోయింది. భూమిలేని మాల, మాదిగ కుటుంబాలకు మిరప కోతలకు గుంటూరు వైపు, కట్టుబడి పనులకు హైదరాబాద్, బెంగళూరు పోవడం అలవాటైన దారి. గిద్దలూరు నుంచి దక్షిణంగా పోతే పోరుమామిళ్ల, బద్వేలు వస్తాయి. కువైట్ వలసకు రాష్ట్రంలో గోదావరి జిల్లాలతో పాటు పేరున్నది ఆ కడప ప్రాంతమే. చుట్టరికం ఉన్నచోటికి వీసా మాట రావడానికి ఎంతోసేపు పట్టదు.

మొదట పాస్‌పోర్టు. పదో తరగతి పాస్ కాని వారికి సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు. అంటే కువైట్, సౌదీ, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, యూఏఈ సహా 18 దేశాలకు ఉద్యోగం మీద పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. 1983 వలసల చట్టం పెట్టిన నిబంధన ఇది. బడి మధ్యలో ఆగిపోయింది ఎవరి పిల్లలకో మనకు తెలుసు, కాబట్టి ఈ పదో తరగతి గీత ఏ వాడల మీదుగా పోతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆడవాళ్లకు ఇంకో గీత ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టున్న మహిళకు 30 ఏళ్లు నిండాలి. 2016 నుంచి నర్సులు కాని ఈసీఆర్ మహిళలను ప్రభుత్వ సంస్థలే పంపాలి. మన రాష్ట్రంలో ఆ సంస్థ ఓంక్యాప్. రక్షణ కోసమే ఈ నిబంధన పెట్టామన్నారు. పని అవసరం ఆగలేదు, దారి మాత్రం మారింది. 30 లోపు మహిళను దళారి విజిట్ వీసా మీద పంపిస్తాడు. విజిట్ వీసాకు ప్రొటెక్టర్ అనుమతి అడగరు. ఈ-మైగ్రేట్‌లో కాంట్రాక్టు నమోదు కాదు, అనుమతితో పాటు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉండదు. ఆ బీమా ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. ఇంత చిన్న మొత్తం దగ్గర ఒక కుటుంబం భద్రత పోతుంది. నిషేధం పెట్టి, పంపే ఏర్పాటు పల్లె దాకా తీసుకురాని ప్రభుత్వానికి ఇందులో బాధ్యత లేదని మేము అనుకోం.

తర్వాత వీసా రకం. కువైట్‌లో 18 నంబరు వీసా అంటే కంపెనీ పని, 20 నంబరు వీసా అంటే ఇంటి పని. తేడా చాలా పెద్దది. 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం 18 వాళ్లకే వర్తిస్తుంది. ఇంటి పనివారికి 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. దాని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు ఇవ్వాలి, పని ముగిసినప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున కట్టివ్వాలి. మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించారు. తలుపు లోపల ఇది అమలవుతోందో లేదో చూసేవాళ్లు తక్కువ. అయినా ఈ లెక్కలు తెలిసి ఉంటే ఫిర్యాదులో ఏం అడగాలో తెలుస్తుంది.

'ఆజాద్ వీసా' అని ఇంకొకటి చెబుతారు. చట్టంలో అలాంటి వీసా లేదు. కఫీల్ పేరున వీసా, పని ఇంకెక్కడో, ఏటా కఫీల్‌కు డబ్బు. పట్టుబడితే జైలు, డిపోర్టేషన్. కఫీల్ ఇల్లు వదిలి పోతే పరారీ కేసు పెడతాడు. జీతం ఇవ్వలేదని బయటకు వచ్చిన మనిషి అలా నేరస్థురాలవుతుంది. కువైట్ 2018, 2020, 2024లో క్షమాభిక్ష ప్రకటించింది. అది ఇంటికి చేరుస్తుంది, రావాల్సిన జీతం ఇప్పించదు.

డబ్బు లెక్క ఇక్కడి నుంచే మొదలు. రిజిస్టర్డ్ ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400కు మించి తీసుకోకూడదు. దళారి లక్ష అడిగాడనుకుందాం. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 3,000, రెండేళ్లకు 72,000 వడ్డీకే పోతుంది. మొదటి మూడు నెలలు జీతం ఆగితే ఆ ఇంటి పరిస్థితి ఊహించుకోవచ్చు. అక్కడ కొట్టినా, తిండి పెట్టకపోయినా ఆమె వెంటనే రాలేకపోవడానికి కారణం తరచుగా ఈ అప్పే. అప్పిచ్చినవారు ఊళ్లోనే ఉంటారు, చాలాసార్లు ఆ కుటుంబం కూలికి పోయేది వాళ్ల పొలాలకే.

జీతం విషయంలో మన కేంద్ర ప్రభుత్వం రికార్డు కూడా గొప్పగా లేదు. 2020 సెప్టెంబరులో గల్ఫ్ దేశాలకు పోయే భారతీయుల కనీస రెఫరల్ వేతనాలను 30 నుంచి 50 శాతం తగ్గించింది. వలస కార్మికుల సంఘాలు కోర్టుకు పోయి, గట్టిగా వ్యతిరేకించాక 2021 జూలైలో వెనక్కి తీసుకుంది.

పోయేవారు కాంట్రాక్టు, వీసా, పాస్‌పోర్టు కాపీలు, దళారికి డబ్బు పంపిన రసీదులు ఇంట్లో ఒక సెట్టు ఉంచి పోవాలి. డబ్బు ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేస్తే ఆధారం మిగులుతుంది. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు ఈ-మైగ్రేట్‌లో చూడవచ్చు, ఇది విద్యార్థులు ఫోన్‌లో ఐదు నిమిషాల్లో చేసి పెట్టగల సాయం. అక్కడ ఇబ్బంది వస్తే మదద్ పోర్టల్, 1800 11 3090 నంబరు ఉన్నాయి. టికెట్, ఆశ్రయం, మృతదేహం తరలింపు ఖర్చులకు రాయబార కార్యాలయాల దగ్గర 2009 నుంచి సంక్షేమ నిధి ఉంది. బకాయి ఉండగా తిరిగి రావాల్సి వస్తే, వచ్చేముందే ఎంబసీలో పవర్ ఆఫ్ అటార్నీ రాసి రావాలి. ఇక్కడికి వచ్చాక ఆ కేసు నడపడం చాలా కష్టం.

కేసు పెట్టేటప్పుడు స్టేషన్‌లో మోసం సెక్షను, అంటే భారతీయ న్యాయ సంహిత 318, ఒక్కటే రాసి వదిలేయకుండా చూడాలి. లైసెన్సు లేకుండా మనుషులను పంపడం వలసల చట్టం 10వ సెక్షనుకు విరుద్ధం, 24 కింద రెండేళ్ల దాకా జైలు. ఆశపెట్టి, మోసగించి, దోపిడీకి పంపినట్టు తేలితే 143, మనుషుల అక్రమ రవాణా. దళితురాలని తెలిసి ఎస్సీ, ఎస్టీ కాని వ్యక్తి ఆ నేరం చేస్తే అట్రాసిటీ చట్టం 3(2)(వి) అడగవచ్చు. దళారి మన వాడవాడే అయితే అది వర్తించదు, అలాంటి దళారులు తక్కువేమీ కాదు. ఇంకో మాట తరచుగా వినిపిస్తుంది: వలసల చట్టం కింద కేసుకు కేంద్రం అనుమతి కావాలని. ఆ అనుమతి 27వ సెక్షనులో ఉన్న మాట నిజమే. అయితే వలస పోయిన మనిషి గానీ, ఆమె తరఫున తల్లి, తండ్రి, భర్త, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు గానీ ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదని అదే సెక్షను చెబుతోంది. ఫిర్యాదు కాగితం మీద ఆ వాక్యం రాసి తీసుకుపోండి.