రిలీజ్ ఎయిడ్

రిలీజ్ ఎయిడ్ అనేది కాంపౌండ్ విల్లు యొక్క నారిని వేళ్ళతో కాకుండా ఒక కొక్కెంతో పట్టి లాగి, గురి కుదిరిన తరువాత వదలడానికి ఉపయోగించే చిన్న యాంత్రిక పరికరం. మన దేశపు విలుకాండ్రు దీనిని రిలీజర్ అని కూడా అంటారు. ఒలింపిక్స్‌లో చిరకాలంగా ఉన్న రికర్వ్ విభాగంలో దీనిని అనుమతించరు. కాంపౌండ్ విభాగంలో మాత్రం క్రీడాకారులందరూ దాదాపుగా దీనినే వాడతారు. బాణపు గమనాన్ని ప్రభావితం చేసే ఉపకరణం కనుక, దీని ఎంపికలో ధర కంటే చేతికి ఒదగడం, సాధకుని అనుభవం ముఖ్యమైనవి.

చరిత్ర

నారి ఒరిపిడి నుండి వేళ్ళను కాపాడుకొనే సాధనాలు చాలా ప్రాచీనమైనవి. సంస్కృత వాఙ్మయంలో వీటిని అంగుళిత్రాణం అన్నారు. మధ్య ఆసియా, పర్షియా, మొఘల్ విలుకాండ్రు బొటనవ్రేలికి ఉంగరం తొడిగి, దానితో నారిని లాగేవారు. షాజహాన్ బిరుదు చెక్కిన పచ్చరాతి (జేడ్) విలుకాని ఉంగరం హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నది. నేటి రిలీజ్ ఎయిడ్ చేసే పని కూడా మూలంలో అదే.

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రానికి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ 1966లో కాంపౌండ్ విల్లు పేటెంటుకు దరఖాస్తు చేయగా 1969లో అది మంజూరైనది. ఈ విల్లు వ్యాప్తి చెందిన కొద్దీ రిలీజ్ ఎయిడ్ వాడకం కూడా పెరిగినది.

ఆవశ్యకత

కాంపౌండ్ విల్లు కొనలలో క్యామ్‌లు అనే చక్రాలు ఉంటాయి. నారిని పూర్తిగా లాగిన తరువాత ఇవి భారాన్ని తగ్గిస్తాయి. దీనిని లెట్-ఆఫ్ అంటారు. ఉదాహరణకు 50 పౌండ్ల విల్లుకు లెట్-ఆఫ్ 75 శాతం అయితే, గురి చూసే సమయంలో చేతిపై ఉండే భారం 12.5 పౌండ్లు మాత్రమే. అయితే విల్లు పొట్టిగా ఉండటం వలన లాగినపుడు నారి ఇరుకైన కోణంలో వంగి వేళ్ళను నొక్కుతుంది. వేళ్ళ మీదుగా జారే నారి పక్కకు కదిలి బాణాన్ని ఊగిస్తుంది. కొక్కెం నుండి విడివడిన నారి ఇంచుమించు నేరుగా ముందుకు పోతుంది.

పోటీలలో ఈ తేడా చాలా విలువైనది. ఆరుబయట కాంపౌండ్ పోటీ 50 మీటర్ల దూరం నుండి జరుగుతుంది. 80 సెంటీమీటర్ల లక్ష్యంలో 10 పాయింట్ల వలయం వ్యాసం 8 సెంటీమీటర్లు. వ్యక్తిగత మ్యాచ్‌లో 15 బాణాలకు గరిష్ఠంగా 150 పాయింట్లు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో భారత మహిళల జట్టు ఫైనల్‌లో 230-229 తేడాతోను, మిశ్రమ జట్టు 159-158 తేడాతోను స్వర్ణాలు గెలిచాయి. రెండింటిలోను ఒక్క పాయింటే పతకపు రంగును నిర్ణయించినది.

రకాలు

* చూపుడువ్రేలి మీట రకం: మణికట్టుకు పట్టీతో బిగించి, తుపాకి మీట వలె చూపుడువ్రేలితో నొక్కుతారు. లాగే భారమంతా మణికట్టుపై పడుతుంది. నేర్చుకోవడం తేలిక. పట్టీ ఉండటం వలన చేజారదు.
* బొటనవ్రేలి మీట రకం: రెండు, మూడు లేక నాలుగు వేళ్ళతో పట్టుకొని బొటనవ్రేలితో మీటను కదుపుతారు. చేతిని దవడ ఎముకకు ఆనించి ఒకే స్థానంలో నిలపడం దీనితో సులభం.
* హింజ్ రకం: దీనికి మీట ఉండదు. వీపు కండరాలతో లాగుతూ ఉండగా పరికరం కొద్దిగా తిరిగి నారిని వదులుతుంది. కచ్చితంగా ఏ క్షణంలో వదులుతుందో విలుకానికి ముందుగా తెలియదు.
* ఒత్తిడి రకం: రక్షణ మీటను వదిలిన తరువాత, ముందుగా అమర్చిన భారాన్ని మించి లాగినపుడు తెరుచుకుంటుంది.

ఎంపిక చేసుకొనే విధానం

గురి చుక్క పసుపు వలయంలోకి రాగానే మీటను గభాలున నొక్కడం కాంపౌండ్ విలుకాండ్రలో తరచుగా కనిపించే దోషం. అలా నొక్కినపుడు విల్లు పట్టిన చేయి కూడా ఉలిక్కిపడి బాణం పక్కకు పోతుంది. ఇది ముదిరితే గురి వైపు విల్లును నిలపడమే కష్టమవుతుంది. దీనిని టార్గెట్ ప్యానిక్ అంటారు. హింజ్, ఒత్తిడి రకాలు ఈ అలవాటును మాన్పించడానికి ఉపయోగపడతాయి. కాని కొత్తవారు వీటిని పర్యవేక్షణ లేకుండా వాడరాదు. లాగుతుండగానే నారి విడివడితే పిడికిలి ముఖానికి తగలవచ్చును. అందువలన చూపుడువ్రేలి లేదా బొటనవ్రేలి మీట రకంతో మొదలుపెట్టి, పిదప శిక్షకుని సలహాపై మారడం మంచిది.

పరిమాణం విషయంలో ఈ క్రింది అంశాలను పరీక్షించాలి.

* చూపుడువ్రేలి రకంలో మీట వ్రేలి కొసకు కాక మొదటి లేక రెండవ కణుపు వద్దకు రావాలి.
* చేతితో పట్టే రకంలో వేళ్ళు ముడుచుకొని బిగుసుకోరాదు. పిడికిలి వెనుకభాగం సమంగా ఉండాలి.
* మీట బిగువును, ప్రయాణ దూరాన్ని మార్చుకొనే వీలుండాలి. అతి సున్నితమైన అమరిక కొత్తవారికి ప్రమాదకరం.

ఒక రకం నుండి మరొక రకానికి మారితే చేయి ఆనే స్థానం మారుతుంది. అపుడు విల్లు యొక్క డ్రా పొడవును, పీప్ సైట్ ఎత్తును తిరిగి సరిచూడాలి. రెండు చేతులు చాచిన కొలతను అంగుళాలలో 2.5తో భాగిస్తే డ్రా పొడవు సుమారుగా తెలుస్తుంది. 70 అంగుళాలు ఉన్నవారికి ఇది 28 అంగుళాలు.

ప్రపంచ విలువిద్య సమాఖ్య నిబంధనల ప్రకారం రిలీజ్ ఎయిడ్ విల్లుకు అతికించి ఉండరాదు, విద్యుత్ లేక ఎలక్ట్రానిక్ భాగాలు ఉండరాదు. విల్లు బలం 60 పౌండ్లు మించరాదు.

ఇతర ఉపకరణాలు

* డి-లూప్: నారికి కట్టే చిన్న త్రాడు. కొక్కెం నారిని కాక దీనిని పట్టుకుంటుంది. అరిగిన వెంటనే మార్చాలి.
* పీప్ సైట్: నారి పోగుల మధ్య అమర్చే రంధ్రం. కంటికి, గురికి మధ్య వెనుక గుర్తుగా పనిచేస్తుంది.
* స్కోపు: భూతద్దం, నీటిమట్టం బుడగ కలిగిన గురి సాధనం. దృశ్యం ఎంత పెద్దదైతే చేతి వణుకు అంత పెద్దదిగా కనిపిస్తుంది కనుక కొత్తవారికి తక్కువ శక్తి గల అద్దం చాలును.
* స్టెబిలైజర్లు: విల్లు ఒరగకుండా నిలిపే కడ్డీలు.
* బాణాలు: విల్లు బలానికి తగిన బిరుసు (స్పైన్) ఉండాలి. సాధారణంగా ఒక్కొక్క పౌండుకు కనీసం 5 గ్రెయిన్ల బరువు ఉండాలంటారు. 50 పౌండ్లకు ఇది 250 గ్రెయిన్లు, అనగా సుమారు 16 గ్రాములు.

పరిమితమైన డబ్బుతో కొనేవారు ముందుగా సరిపోయే బాణాలు, చేతికి ఒదిగే రిలీజ్ ఎయిడ్ కొనుక్కోవడం మేలు. ఖరీదైన స్కోపు, కడ్డీలు తరువాత చేర్చుకోవచ్చును.

ఇంటివద్ద సాధన, భద్రత

హైదరాబాదులోని మణికొండ, గచ్చిబౌలి వంటి ఐటీ ఉద్యోగుల ప్రాంతాలలో బహుళ అంతస్తుల నివాసాలే ఎక్కువ. మేడపైన గాని, సెల్లారులో గాని బాణాలు వేయరాదు. కాంపౌండ్ బాణం సెకనుకు సుమారు 80-90 మీటర్ల వేగంతో పోగలదు. దీనికి బదులుగా డ్రా పొడవుకు సరిపడే గట్టి త్రాడు ఉచ్చును విల్లు పట్టే చేతికి తగిలించి, రెండవ చేతిలోని రిలీజ్ ఎయిడ్‌తో లాగి వదలడం సాధన చేయవచ్చును. వీపు కండరాలతో వదిలే పద్ధతి ఈ విధంగా గదిలోనే అలవడుతుంది. బాణం లేకుండా విల్లు నారిని లాగి వదలడం మాత్రం ఎన్నడూ చేయరాదు. శక్తి అంతా విల్లులోనే మిగిలి క్యామ్‌లు, నారి తెగి గాయాలు కావచ్చును.

తెలుగునాట కాంపౌండ్ విలువిద్య

విజయవాడ ఈ క్రీడకు ముఖ్యకేంద్రం. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో రజతం గెలిచిన పురుషుల కాంపౌండ్ జట్టులో చిట్టిబొమ్మ జిజ్ఞాస్ సభ్యుడు. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖకు 2017లో అర్జున పురస్కారం లభించినది. 2023లో బెర్లిన్ ప్రపంచ పోటీలలో భారతదేశానికి తొలి స్వర్ణం తెచ్చిన మహిళల జట్టులో ఆమె ఉన్నది. అదే సంవత్సరం హాంగ్‌ఝౌలో వ్యక్తిగత ఫైనల్‌ను 149-145తో గెలిచి మొత్తం మూడు స్వర్ణాలు సాధించినది. తెలంగాణకు చెందిన తానిపర్తి చికిత 2025లో కెనడాలోని విన్నిపెగ్‌లో జరిగిన ప్రపంచ యువజన పోటీలలో స్వర్ణం గెలిచినది.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీని చేర్చినట్లు 2025లో ప్రకటించారు. రిలీజ్ ఎయిడ్ వాడే విలుకాండ్రకు ఒలింపిక్ పతకానికి పోటీపడే అవకాశం దీనితో ఏర్పడినది.

ఇవి కూడా చూడండి

* విలువిద్య
* వెన్నం జ్యోతి సురేఖ
* సాలార్‌జంగ్ మ్యూజియం