ఖరగ్‌పూర్ రావుల ఇంటిపేరు ఎక్కడిది?

ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళ శుభలేఖ అందుకున్న బెంగాలీ పొరుగింటివాళ్ళకు ఒక అనుమానం రావడం సహజం. పెళ్ళికొడుకు పేరు చివర రావు, పెళ్ళికూతురి పేరు చివరా రావే. పైన ఆహ్వానించే పెద్దలూ రావులే. వీళ్ళంతా ఒకే ఇంటివాళ్ళా అని అడిగితే తెలుగాయన నవ్వి, పిల్ల కోరాడ వారమ్మాయి, పిల్లాడు బొడ్డేపల్లి వారబ్బాయి అని చెబుతాడు. సంబంధం మాట్లాడేటప్పుడు పెద్దవాళ్ళు మొదట అడిగింది కూడా అదే: ‘మీ ఇంటిపేరేటి?’ ఇంటిపేరు ఒకటైతే మాట అక్కడితో సరి. రావు, రావు కలిస్తే మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు, ఎందుకంటే రావు ఇంటిపేరు కాదు. కాదు గానీ, రేషన్‌కార్డు మొదలు రైల్వే పాసు దాకా ఇంటిపేరు కూర్చోవాల్సిన చోట కూర్చున్నది అదే.

ఊరి పేరు ఇంటిపేరు కావడం, ఆ ఇంటిపేరు ఊరు దాటి ఎక్కడికో వెళ్ళిపోవడం తెలుగువాళ్ళకే చెల్లిన విద్య కాదు. 1066లో ఇంగ్లండును గెలుచుకున్న నార్మన్లు అదే పని చేశారు. 1086లో విలియం రాజు తయారు చేయించిన డూమ్స్‌డే భూముల చిట్టాలో చాలామంది దొరల పేర్ల వెనుక నార్మండీ ఊళ్ళు కనిపిస్తాయి. షెర్బుర్గ్ దగ్గరి బ్రీ అనే ఊరివాళ్ళు మొదట ‘బ్రీ ఊరి రాబర్ట్’ లాంటి పేర్లతో వచ్చి, రానురాను బ్రూస్‌లయ్యారు. ఆ వంశంవాడే 1306లో స్కాట్లండ్ రాజుగా పట్టం కట్టుకున్న రాబర్ట్ బ్రూస్. అప్పటికి వాళ్ళకు బ్రీతో మిగిలిన చుట్టరికం పేరులో మాత్రమే.

ఈ బ్రూస్‌ల ఊసు ఖరగ్‌పూర్ కథలో ఎందుకంటే, ఈ ఊరికి పట్టాలు పడుతున్నప్పుడు భారతదేశపు వైస్రాయి ఒక బ్రూసే. లార్డ్ ఎల్గిన్‌గా చరిత్రకెక్కిన విక్టర్ బ్రూస్ 1894 నుంచి 1899 జనవరి దాకా ఆ పదవిలో ఉన్నాడు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్ నుంచి కటక్ వైపు లైను వేసింది ఆ రోజుల్లోనే. 1900లో రూప్‌నారాయణ్ నది మీద వంతెన పూర్తయి హౌరా దారి తెరుచుకుంది. 1902లో కటక్‌కు దిగువన వాల్తేరు వైపు సాగే తూర్పు తీరం లైను కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. అంటే శ్రీకాకుళం, విజయనగరం పక్కన రైలెక్కినవాడు కంపెనీ మారకుండా ఖరగ్‌పూర్‌లో దిగొచ్చు. వర్క్‌షాపుకూ, లైను పనులకూ మనుషులు కావాలి. అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల ఊళ్ళ నుంచి జనం బయల్దేరారు. నింపురా, మథురాకాటీ, గోల్‌బజార్ చుట్టూ తెలుగు మాట స్థిరపడింది అలాగే.

ఆ రైలెక్కినవాళ్ళ ఇంటిపేర్లు చాలావరకు అంతకుముందే ఒకటి రెండు ప్రయాణాలు చేసినవి. భాగవతం రాసిన పోతన ఇంటిపేరు బమ్మెర, అది ఊరి పేరు. గురజాడ అప్పారావు బతికింది విజయనగరంలో, గురజాడ అనే ఊరు ఉన్నది కృష్ణా జిల్లాలో. ఆయన కొలువు చేసిన విజయనగరం సంస్థానాధీశుల ఇంటిపేరు పూసపాటి, దాని మూలం కృష్ణా ప్రాంతంలోని పూసపాడు. రాజుదీ కవిదీ కూడా అడుగు పెట్టిన ఊరికంటే విడిచొచ్చిన ఊరిని చెప్పే పేర్లే. తెలుగు ఇంటిపేరుకు ఇదే లక్షణం, ఉన్నచోటు చెప్పదు. నూట పాతికేళ్ళు గడిచినా ‘ఖరగ్‌పూరు’ అనే తెలుగు ఇంటిపేరు పుట్టకపోవడంలో వింతేమీ లేదు. ఊరి నుంచి పేరు తీసుకునే కాలం అప్పటికే దాటిపోయింది, ఇంటిపేరు ముందే ఉంది కాబట్టి కొత్తది అక్కర్లేదు.

అయినా కొత్తది పుట్టింది, ఇంకో దారిలో.

తెలుగువాడు ఇంటిపేరు ముందు చెబుతాడు, తన పేరు తర్వాత. కోరాడ అప్పారావు అంటే అప్పారావు మనిషి, కోరాడ ఇల్లు. ఇంగ్లీషు రిజిస్టరు ఆ వరస ఎరగదు. దానికి చివరి మాటే కుటుంబం పేరు. పైగా బెంగాలీవాళ్ళ పద్ధతి కూడా అదే. మజుందార్, సర్కార్, తాలూక్‌దార్ లాంటివి ఒకప్పటి నవాబుల కొలువులో చేసిన ఉద్యోగాల పేర్లు, వాటిని వాళ్ళు ‘టైటిల్’ అంటారు, అది చివరే ఉంటుంది. ఇటు కంపెనీ గుమాస్తా, అటు ఇరుగుపొరుగు, ఇద్దరూ చివరి మాటకోసమే చూశారు. కోరాడ ‘కె’గా కుంచించుకుపోయింది. అప్పారావు రెండుగా చీలి అప్పా పేరైంది, రావు టైటిల్ అయింది. తర్వాతి తరంలో ఆ రావు కొడుకుకు వచ్చింది, అది మామూలే. కూతురికీ వచ్చింది, అసలు విశేషం అక్కడుంది. కోస్తా పల్లెల్లో రావు అంటే మగవాడి పేరు తోక, ఆడపిల్ల పేరు చివర ఎవరూ పెట్టరు. ఆడపిల్ల కూడా రావు అయిన రోజున అది నిజంగా వంశం పేరైనట్టు.

రావు అంటే రాయలు, రాజు. నార్మన్ ఫ్రెంచిలో పుట్టిన ఫిట్స్‌రాయ్ అనే ఇంటిపేరుకు కూడా అర్థం రాజు కొడుకనే. కాకపోతే ఇంగ్లండులో దాన్ని రాజుల అక్రమ సంతానానికి పెట్టేవారు. ఖరగ్‌పూర్ రావులకు ఆ చిక్కు లేదు, వీళ్ళ రాజరికం రిజిస్టరు ఇచ్చింది.

చివరి మాట ఇంటిపేరుగా స్థిరపడటానికి ఖరగ్‌పూర్‌కు బాగా తెలిసిన ఉదాహరణే ఒకటుంది. 1927-28లలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల పోరాటాల్లో ముందు నిలిచిన నాయకుడు, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి. పుట్టింది బరంపురంలో, తండ్రి వరాహగిరి జోగయ్య పంతులు. ఇంటిపేరు వరాహగిరి, పెట్టిన పేరు వెంకటగిరి. దేశానికి మాత్రం ఆయన ఉత్త గిరి. ఆ మాటే కింది తరానికి ఇంటిపేరైంది, జాతీయ మహిళా కమిషన్‌కు అధ్యక్షురాలిగా పనిచేసిన ఆయన కోడలు మోహినీ గిరిగానే ప్రసిద్ధి. పాములపర్తి వారి నరసింహారావును ఢిల్లీ ఇంగ్లీషు పత్రికలు వట్టి ‘రావు’ అని రాయడం కూడా ఈ లెక్కలోదే. అమెరికా వెళ్ళిన సత్య నాదెళ్ళ సంగతి దీనికి తిరగేసినట్టు ఉంటుంది. ఇంటిపేరు చివరకు జరిగింది కాబట్టి బతికిపోయింది. ప్రపంచమంతా ఇవాళ ఆ ఇంటిపేరుతోనే పిలుస్తోంది.

వెనక్కి తగ్గిన ఇంటిపేరుకు లిపి కూడా కలిసిరాలేదు. బెంగాలీలో ‘ళ’ లేదు, ‘వ’కు మనలాగా వేరే అక్షరం లేదు, ‘బ’తోనో ‘భ’తోనో సర్దుకోవాలి. ఓటరు జాబితా బెంగాలీలో, సర్వీసు రికార్డు ఇంగ్లీషులో, శుభలేఖ తెలుగులో ఉన్నప్పుడు మూడు చోట్లా ఒక్క తీరుగా నిలిచే మాట రావు. పలకడానికి తేలిక, రాయడానికి పొట్టి, ఎవరూ తప్పు చెయ్యరు. గెలవడానికి అదీ ఒక కారణం.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును రాష్ట్ర అధికార భాషల్లో చేర్చాలని నిర్ణయించింది. దానితో ‘కె. రావు’ మళ్ళీ కోరాడ అవుతాడని కాదు. ఆ ‘కె’కు పని పడేది పాస్‌పోర్టు దగ్గర. అక్కడ పొడి అక్షరాలు కుదరవు, పేరు పూర్తిగా విప్పి రాయాలి. మూడో తరం కుర్రాడు శ్రీకాకుళంలో ఉన్న తాత తమ్ముడికి ఫోన్ చేసి ఇంటిపేరు అడిగి ఇంగ్లీషులో రాసుకుంటాడు. అప్పటికే వాళ్ళన్న దాన్ని ఇంకో స్పెల్లింగుతో రాసి ఉంటాడు.