కొండపోచమ్మ సాగర తీరము

ములుగు మండలములోని బహిలంపూర్, మామిడ్యాల, తానేదార్‌పల్లి గ్రామములు తమ యిండ్లతోడను పొలములతోడను మునుగగా, 15 టి.ఎం.సి.ల సామర్థ్యముగల కొండపోచమ్మ సాగరము 2020 మే 29వ తేదీన, కాళేశ్వరము నుండి ఎత్తిపోసిన గోదావరీ జలములతో నిండనారంభించెను.

పూర్వపు ఊరిచెరువు వానకు నిండి, వేసవికి తగ్గి, ఈత నేర్చు బాలునకు మోకాటిబంటి, మొలబంటి, తలమునకలు అను మెట్లను తానే చూపెడిది. గాలికి చిన్న అలలే తప్ప పెద్ద కదలిక యెరుగక ప్రశాంతముగ కన్పట్టు ఈ జలాశయమున మాత్రము, రాతిపరుపుతో ఏటవాలుగ దిగు కట్ట నాలుగడుగులలోనే కాలికి నేల యందనీయదు. సాగరమని పేరిడినవారు ఊరకయే యిడలేదు కాబోలు! 2025 జనవరి 11న హైదరాబాదు నుండి విహారమునకు వచ్చిన ఏడుగురు యువకులలో ఐదుగురు ఇచటనే మునిగి మరణించిరి.