తూర్పు దారిన దుంపరాష్ట్రం

హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్‌లో మూలికలమ్మే కొట్టుకు వెళ్లి దుంపరాష్ట్రం కావాలంటే ఇచ్చేదీ, నహారీ మసాలాకి పాన్ కీ జడ్ కావాలంటే తూచేదీ ఒకటే సరుకు. ఇటుక రంగు తొక్క, దాని చుట్టూ వలయాలు, కోసిన చోట పీచు, పంటికి లొంగని గట్టిదనం. అల్లం కుటుంబపు దుంప ఇది. పేరులో పాన్ ఉన్నా తమలపాకు తీగతో దీనికి ఏ చుట్టరికమూ లేదు. తెలుగిళ్లలో దగ్గుకూ, కీళ్లనొప్పులకూ కషాయం కాచుకునే మందుగానే ఎక్కువమందికి తెలుసు. అదే ఊళ్లో ఇంకో వంటింట్లో నహారీ ఎసట్లో పడే మసాలా కూడా ఇదే.

ప్రపంచ వాణిజ్యంలో దీనికి పెద్ద చరిత్రే ఉంది. ఇందులో రెండు రకాలు. చిన్నది దక్షిణ చైనాది, పెద్దది జావా వైపుది. పెద్ద రకం మన దేశంలో కేరళలో, బెంగాల్లో, ఈశాన్యంలో కూడా పెరుగుతుంది. తొమ్మిదో శతాబ్దంలో ఇబ్న్ ఖుర్దాద్‌బిహ్ తూర్పు దేశాల నుంచి వచ్చే సరుకుల్లో దీన్ని లెక్కపెట్టాడు. చైనాలోనూ జావాలోనూ దొరుకుతుందని మార్కో పోలో చెప్పాడు. ఇంగ్లండ్ రాజు రెండో రిచర్డ్ వంటవాళ్లు 1390 ప్రాంతంలో కూర్చిన వంటల పుస్తకంలో ఇది పదేపదే కనిపిస్తుంది. గోవాలో ఉండి, అహ్మద్‌నగర్ నిజాం షాకు వైద్యం చేసిన గార్సియా ద ఓర్తా 1563లో అచ్చయిన తన గ్రంథంలో చైనా రకాన్నీ, జావా రకాన్నీ విడదీసి చూపాడు. తర్వాతి శతాబ్దాల్లో యూరప్ వంటింట్లో మసాలాల వాడకమే తగ్గింది. మిరియం, లవంగం నిలిచాయి. దుంపరాష్ట్రం మాత్రం పూర్తిగా జారిపోయింది.

దక్కనులో అలా జరగలేదు. జావా వైపు నుంచి వచ్చే సరుకుకు గోల్కొండ రాజ్యంలో వాకిలి మచిలీపట్నం. పదిహేడో శతాబ్దం తొలి ఏళ్లలోనే డచ్చివాళ్లు అక్కడ కోఠీ పెట్టి, మన తీరపు బట్టలు తీసుకెళ్లి ఆ దీవుల లవంగాలు, జాజికాయ, జాపత్రి దింపేవారు. రేవు నుంచి రాజధానికి వచ్చే దారి తూర్పు నుంచే. కొండలు, చెరువులు, నదులు అడ్డం కాబట్టి ఆ దారిన బండ్లు నడవవని, సరుకంతా జంతువుల మీదే మోయిస్తారని వజ్రాల వర్తకుడు తవెర్నియే రాశాడు. ఎల్బీ నగర్ దాటి విజయవాడ రోడ్డున పోతే వచ్చే హయత్‌నగర్ ఆ కాలానిదే. అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరది. అక్కడి మసీదు చుట్టూ బాటసారుల కోసం కట్టిన సరాయి గదుల వరుస ఇప్పటికీ ఉంది. రోజూ వేలమంది ఆ రోడ్డున పోతారు, లోపలికి తొంగిచూసేవాళ్లు తక్కువ. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

మరి యూరప్ వదిలేసిన దుంప హైదరాబాదులో ఎందుకు నిలిచింది? ఇక్కడ వంటా వైద్యమూ పక్కపక్కన నడవడమే కారణమని నా అభిప్రాయం. యునానీ హకీములకు ఇది ఖులంజాన్: బొంగురు గొంతుకూ, అజీర్తికీ వాడే వేడి మందు. రాత్రంతా సన్నని సెగ మీద ఉడికి పొద్దున్నే వడ్డించే నహారీ కొవ్వెక్కువైన బరువైన తిండి. దాన్ని అరిగించే మందును దాని గిన్నెలోనే వేశారు. ఎలా వేస్తారో చూస్తే ఆ లెక్క తెలుస్తుంది. దుంపరాష్ట్రం, వట్టివేళ్లు, రాతిపువ్వు, ధనియాలు, చలవ మిరియాలు, ఎండు గులాబీ రేకులు రోట్లో కచ్చాపచ్చాగా దంచుతారు. పల్చని తెల్లబట్టలో వదులుగా మూట, అంటే పోట్లీ, కడతారు, నీళ్లు లోపలిదాకా పోవాలి కదా. కాళ్లు, నాలుక ఉడుకుతున్న ఎసట్లో ఆ పోట్లీని వదిలి, దించే ముందు గట్టిగా పిండి పారేస్తారు. కషాయం కాచే పద్ధతి అచ్చంగా ఇదే. దుంపలోని సినియోల్, నీలగిరి తైలానికి ఘాటునిచ్చేది అదే, ఆవిరితో పైకి లేస్తుంది. పీచు మాత్రం పంటికింద పడదు.

ఆ మూట వల్లే ఇది ఎవరి కంటా పడలేదు. తిన్నవాళ్లకు వాసన తెలుసు, వస్తువు తెలియదు. ఇప్పుడు నగరంలోని సూపర్‌మార్కెట్లకు థాయ్ సూప్ వండుకునేవాళ్ల కోసం పచ్చి దుంప వస్తోంది. లేత రంగు తొక్క, గులాబీ మొలకలు చూసి కొత్త సరుకనుకుంటారు. పచ్చిదాంట్లో నిమ్మ, మిరియం కలిసినట్టుండే పదును ఎక్కువ; ఎండితే అది తగ్గి, కర్పూరపు ఘాటు, కట్టె వాసన మిగులుతాయి. అందుకే పోట్లీలో పచ్చిది వేస్తే నహారీ రుచి మారిపోతుంది. థాయ్ వంటలోనూ దీన్ని బిళ్లలుగా కోసి కొబ్బరిపాలలో మరిగిస్తారు. తినేటప్పుడు ఆ బిళ్లల్ని గిన్నె అంచుకు తోసేస్తారు.