చెరువులో దొరికిన కచేరీ

2025 నవంబర్ 1తో ఛత్తీస్‌గఢ్‌కు పాతికేళ్లు నిండాయి. మన ఆంధ్రప్రదేశ్ పుట్టిందీ అదే తేదీన. ఈ సందు చూసుకుని పొరుగు రాజధాని మీద ఓ వ్యాసం వేద్దామని అనుబంధం వారి ఆలోచన. 'రాయ్‌పూర్‌లో చూడదగ్గవి, చేయదగ్గవి' అని విషయం వారే ఇచ్చారు, శుక్రవారం లోగా అన్నారు. ఉత్తరాంధ్ర వాళ్లకి రాయ్‌పూర్ గురించి ఒకరు చెప్పాలా? విజయనగరం ప్లాట్‌ఫాం మీద పెరిగిన ప్రతి పిల్లాడికీ అది రైలు పెట్టె మీద రాసి ఉండే పేరే. తెలిసిందల్లా ఆ బోర్డే అనుకోండి. చుట్టం ఉంటే తప్ప ఎవరూ అక్కడ దిగరు. ఆ చుట్టమైనా ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెడతాడు కానీ ఊరు చూపించడు.

ముందే చెప్పేస్తున్నా, రాయ్‌పూర్‌లో గోల్కొండ లేదు, చార్మినార్ లేదు. ఉన్నవి చెరువులు. బూఢా తాలాబ్, మహరాజ్‌బంద్, కంకాలీ తాలాబ్, తెలీబాంధా. పాత ఊళ్లో నడక అంటే ఒక గట్టు దిగి ఇంకో గట్టు ఎక్కడమే. పొద్దు వాలాక జనమంతా అటే చేరతారు. ఊరి చరిత్ర కూడా వాటి చుట్టూనే తిరుగుతుంది. రాజులు, సుబేదార్లు, దొరలు అందరూ ఈ ఊరిని కచేరీ పెట్టుకోవడానికే వాడుకున్నారు. కోటలు కూలాయి, కచేరీలు చేతులు మారాయి, నీళ్లు మాత్రం ఉన్న చోటే ఉన్నాయి.

మొదలుపెట్టాలంటే ఊరి బయటి నుంచే మొదలుపెట్టాలి. రాయ్‌పూర్‌కు ఓ 80 కిలోమీటర్ల దూరాన, మహానది ఒడ్డున సిర్పూర్ ఉంది. ఏడో శతాబ్దంలో దక్షిణ కోసలకు అదే రాజధాని. భర్త హర్షగుప్తుడు పోయాక రాణి వాసట ఆయన పేరు మీద విష్ణువుకు ఇటుకలతో గుడి కట్టించింది. లక్ష్మణాలయం అంటారు, ఇప్పటికీ నిలబడే ఉంది. దాదాపు ఆ కాలంలోనే చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ కళింగ మీదుగా కోసల వచ్చి, అక్కడి నుంచి దక్షిణంగా మన ఆంధ్ర దేశానికి వెళ్లాడు. కోసలలో అతను విని రాసుకున్న కథల్లో ఆచార్య నాగార్జునుడూ, ఆయనకు ఆశ్రయమిచ్చిన సాతవాహన రాజూ ఉన్నారు. మనకూ వాళ్లకూ రాకపోకలు రైలు రాకముందు నుంచీ ఉన్నవేనన్నమాట.

ఆ తర్వాత ఆరేడు వందల ఏళ్లు ఒక్క గంతులో దాటేద్దాం, నాకు వేరే దారి లేదు. పద్నాలుగో శతాబ్దం చివరికి రతన్‌పూర్ కలచురుల శాఖ ఒకటి రాయ్‌పూర్‌లో స్థిరపడింది. ఖారూన్ నది ఒడ్డున మహాదేవ్ ఘాట్‌లో హట్‌కేశ్వరుడి గుడి ఉంది, 1402 నాటి బ్రహ్మదేవ రాజు శాసనం దానికి సంబంధించినదే. కార్తీక పౌర్ణమికి అక్కడ పున్ని మేళా జరుగుతుంది. తెల్లారకముందే నదిలో మునకలు, ఒడ్డున దీపాలు. మన కార్తీక స్నానాలు ఎరిగినవాళ్లకు దారి అడగక్కర్లేదు. ఆ రాజుల కాలంలోనే, 1415లో, ఖల్లారీ అనే ఊళ్లో దేవపాలుడనే ఒక చెప్పులు కుట్టే మనిషి నారాయణుడికి గుడి కట్టించి సంస్కృతంలో శాసనం వేయించాడు. రాజులు కట్టించిన గుళ్లు దేశం నిండా ఉన్నాయి. ఇలాంటిది మీకు ఇంకొకటి తెలిస్తే నాకు రాయండి.

1460 ప్రాంతంలో భువనేశ్వర్ సింగ్ అనే రాజు రాయ్‌పూర్‌లో కోట కట్టాడంటారు. ఒకవైపు బూఢా తాలాబ్, మరోవైపు మహరాజ్‌బంద్ దానికి కందకాలు. కోట జాడ లేదు, కందకాలు మిగిలాయి. 1741లో మరాఠాలొచ్చారు. 1818లో ఇంగ్లీషు దొరలు పెత్తనం చేతికి తీసుకున్నారు. కల్నల్ ఆగ్న్యూ కచేరీని రతన్‌పూర్ నుంచి ఇక్కడికి మార్చాడు. 1856 కరువులో సోనాఖాన్ జమీందారు నారాయణ్ సింగ్ ఓ షావుకారు గాదెలు తెరిపించి ధాన్యం జనానికి పంచాడు. పంచాక ఆ సంగతి తనే దొరలకు కబురంపాడు. 1857 డిసెంబర్ 10న రాయ్‌పూర్‌లో ఆయన్ని ఉరితీశారు. ఉరితీసింది అక్కడేనంటారు కాబట్టి, జయస్తంభ్ చౌక్ దగ్గర ట్రాఫిక్ లైటు కోసం ఆగినప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోవచ్చు, మీకు దానికి సరిపడా టైముంటుంది.

ఇక నరేంద్రుడు, అంటే తర్వాతి వివేకానందుడు. 1877లో, తండ్రి విశ్వనాథ దత్తు కోర్టు పని మీద రాయ్‌పూర్‌లో ఉంటే, పద్నాలుగేళ్ల కుర్రాడు తల్లితో, తోబుట్టువులతో కలిసి ఎడ్లబండి మీద అడవుల్లో రోజుల తరబడి ప్రయాణం చేసి వచ్చాడు. కొండల నడుమ ఒక పెద్ద తేనెపట్టును చూస్తూ ఒళ్లు మరిచిపోయాడని జీవిత చరిత్రలు చెబుతాయి. ఊళ్లో రెండేళ్లు ఉన్నాడు. బడి చదువు సాగలేదు. తండ్రి దగ్గర చదరంగం, వంట, పెద్దలతో వాదన నేర్చుకున్నాడు. ఆ రెండేళ్లకు బదులుగా ఊరు అతనికి విమానాశ్రయం ఇచ్చింది, బూఢా తాలాబ్‌కు అతని పేరు పెట్టింది, చెరువు మధ్య దీవిలో పెద్ద విగ్రహం కూర్చోబెట్టింది. బడికి పోని పిల్లాడికి ఇంతకన్నా ఏం కావాలి!

నిజం చెప్పాలంటే ఇంతదాకా వచ్చింది 1921 కోసమే.

ఆ వేసవి కరువు వేసవి. మహానది వైపు, చంద్రపూర్ దగ్గర కిరారీ అనే పల్లె ఉంది. అక్కడి హీరాబంధ్ అనే పాత చెరువు అడుగంటింది. చెరువు ఎండితే రైతుకు ఒకటే లాభం, అడుగున పేరుకున్న ఒండ్రు తవ్వి పొలానికి తోలుకోవచ్చు. అలా తవ్వుతుంటే బురదలో కొయ్య తగిలింది. చూస్తే పొడుగాటి స్తంభం, వేగిస మాను. ఒళ్లంతా పైనుంచి కిందకి చెక్కిన అక్షరాలు. దేశంలో రాతి శాసనాలు వేలల్లో దొరికాయి, రాగిరేకులు వందల్లో దొరికాయి. కొయ్య మీద అంత పాత శాసనం దొరకడం చాలా అరుదు. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం, కాలం క్రీస్తు శకం రెండో శతాబ్దం. దక్కన్‌లో మన సాతవాహనులు ఏలుతున్న రోజులు.

పద్దెనిమిది వందల ఏళ్లు చెదపురుగుకు, బూజుకు దొరక్కుండా ఆ మానును కాపాడింది బురదే. ఒండ్రులో గాలి ఆడదు, గాలి లేని చోట కొయ్యను తినే బూజు బతకదు. కానీ అన్నేళ్లు నానిన కొయ్యలో గట్టిదనం పోతుంది, దాని ఆకారాన్ని నిలిపి ఉంచేది లోపలి నీళ్లే. ఆ నీళ్లు ఒక్కసారిగా ఆవిరైతే లోపలి గదులు కుంగిపోతాయి. ఇదంతా కిరారీ రైతులకు ఎవరు చెప్పారు? బయటికి లాగారు, గట్టు మీద వేశారు, వేసవి ఎండ దాని పని అది చేసింది. మాను ఎండలో పెట్టిన వడియంలా ముడుచుకుంది, పెచ్చులు లేచాయి, పెచ్చులతో పాటు అక్షరాలూ రాలిపోయాయి. 1961లో స్వీడన్ వాళ్లు సముద్రం నుంచి వాసా అనే ఓడను పైకి తీసినప్పుడు, నీళ్ల బదులు పాలీఇథిలీన్ గ్లైకాల్ కొయ్యలోకి ఇంకేలా పదిహేడేళ్లు చల్లుతూ కూర్చున్నారు. 1921లో ప్రపంచంలో ఎక్కడా ఆ వైద్యం లేదు. ఆ పల్లెను తప్పుపట్టి లాభం లేదు.

కథ అక్కడితో అయిపోవాల్సింది. అవకుండా అడ్డం పడిన మనిషి ఊరి పురోహితుడు, లక్ష్మీప్రసాద్ ఉపాధ్యాయ్. స్తంభం ఇంకా తడిగా ఉండగానే దాని ముందు కూర్చుని, కనబడ్డ అక్షరాన్ని కనబడ్డట్టు కాగితం మీదికి ఎక్కించాడు. అర్థం చేసుకోవడానికి ఆగలేదు. నాకు ఈ చరిత్ర మొత్తంలో ఆయనంత ఇష్టమైన మనిషి లేడు. పంచాంగం చూసుకుంటూ ముహూర్తాలు పెట్టుకునే మనిషికి, తనకు సంబంధం లేని ఒక లిపి మీద అంత శ్రద్ధ ఎందుకు పుట్టిందో! బాల్‌పూర్ పండితుడు లోచన్ ప్రసాద్ పాండేయ ఈ సంగతి పదిమందికీ తెలిసేలా చేశాడు. పురావస్తు శాఖకు చెందిన హీరానంద శాస్త్రి ఎపిగ్రాఫియా ఇండికా 18వ సంపుటిలో శాసనాన్ని ప్రకటించాడు. స్తంభం మీద పోయిన అక్షరాలు పురోహితుడి కాగితం మీద ఉన్నాయి కాబట్టే అది సాధ్యమైంది.

ఇంతకీ అందులో ఏముంది? మిగిలినంతలో రాజుగారి దిగ్విజయాలు లేవు, దేవుడి స్తోత్రం లేదు. ఉన్నది ఉద్యోగుల జాబితా! నగరాన్ని కాపలా కాసే రక్షకులు, సేనాపతి, వాకిటి దగ్గర ప్రతీహారి, లెక్కలు చూసే గణకుడు, కొట్టు తాళాలు పెట్టుకునే భాండాగారికుడు, ఏనుగు ఎక్కేవాడు, గుర్రం ఎక్కేవాడు, వంటశాల చూసే మహానసికుడు, ఉత్తరాలు మోసే లేఖహారకుడు, పశువుల మందల అధికారి. కొందరి పేర్లు కూడా ఉన్నాయి. ఒక పూర్తి కచేరీ, హాజరుపట్టీతో సహా. సేనాపతి నిలబడ్డ వరసలోనే వంటశాల అధికారీ నిలబడ్డాడు. ఏ కార్యానికి వీళ్లంతా పోగయ్యారన్నది పండితులు వాదించుకునే సంగతి. నేనైతే, వంటశాల అధికారి హాజరు కాబట్టి భోజనాలు ఉండే ఉంటాయని తేల్చుకున్నాను.

ఆ మాను ఇప్పుడు రాయ్‌పూర్‌లో మహంత్ ఘాసీదాస్ మ్యూజియంలో ఉంది. 1875లో రాజ్‌నాంద్‌గావ్ మహంతు డబ్బిచ్చి ఎనిమిది మూలల భవనంలో మ్యూజియం పెట్టించాడు. కొత్త భవనాన్ని 1953లో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ తెరిచారు. వచ్చినవాళ్లు సిర్పూర్ కంచు విగ్రహాల ముందు ఆగుతారు, ఆగాలి కూడా. కొయ్య ముందు ఆగేవాళ్లు తక్కువ. నల్లబడి, నిలువునా బీటలు వారి ఉంటుంది. కాసేపు పక్కకి వంగి చూస్తే, బీటకూ బీటకూ మధ్య ఒకటీ అరా గీత కనిపిస్తుంది. అది గీతో అక్షరమో తేల్చుకోవడానికి ఓ పది నిమిషాలు పెట్టండి.

బయటికొస్తే అదే ఆవరణలో గఢ్ కలేవా. 2016లో మొదలైంది, మహిళా సంఘం నడుపుతుంది, ఛత్తీస్‌గఢీ తిండి తప్ప ఇంకేమీ పెట్టరు. చీలా అంటే బియ్యప్పిండి అట్టు, టమాటా పచ్చడితో ఇస్తారు. ఫరా బియ్యప్పిండి వేళ్లంత చుట్టి ఆవిరి మీద ఉడికించి, నువ్వులతో తిరగమోత పెట్టినది. ఠేఠ్రీ శనగపిండి జంతిక, ఖుర్మీ బెల్లంతో. అయిర్సా అడిగితే అరిసెలే వస్తాయి. పక్క బల్ల మీద వాళ్లు బోరే బాసీ తింటుంటారు, రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున ఉల్లిపాయతో తినడం. మన చద్దన్నమే. 2022లో మే 1న ప్రభుత్వమే దానికి పండగ కూడా చేసింది. మన దగ్గర చద్దన్నానికి అంత యోగం పట్టలేదు.

ఇక్కడి నుంచి కథ ఒక దారిన నడవదు. 1931కి రాయ్‌పూర్–విజయనగరం రైలు మార్గం పూర్తయింది. అటు మాంగనీసు ఇటు దిగి విశాఖ రేవుకు చేరాలని వేసిన లైను, రెండేళ్లకు రేవూ తెరిచారు. ఖనిజం దిగిన దారినే మనవాళ్లు పైకెక్కారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి రైల్వే పనికి, తర్వాత భిలాయ్ ఉక్కు కర్మాగారానికి. భిలాయ్ సెక్టార్ 5లో బాలాజీ గుడి కూడా కట్టుకున్నారు. రాయ్‌పూర్ నుంచి ధమ్‌తరికి వెళ్లే చిన్న రైలు ఒకటుండేది, ఊరి మధ్యలోంచి కూత వేసుకుంటూ పోయేది. ఊళ్లో దాని పట్టాలు పీకి ఎక్స్‌ప్రెస్‌వే వేశారు. తెలీబాంధా చెరువుకు కట్ట కట్టి దీపాలు పెట్టి మెరైన్ డ్రైవ్ అన్నారు. సముద్రం ఎన్ని వందల కిలోమీటర్ల దూరమో విశాఖవాళ్లని అడగాలి. ఎగతాళి చేస్తున్నా కానీ, ఐస్‌క్రీం చేతబట్టుకుని గట్టు చుట్టూ ఓ రౌండ్ వేస్తే బాగానే ఉంటుంది.

కచేరీ కూడా మళ్లీ కదిలింది. నవా రాయ్‌పూర్‌కు. అక్కడి రోడ్ల వెడల్పు చూస్తే అమరావతి బొమ్మలు గుర్తొస్తాయి. కొత్త అసెంబ్లీ భవనాన్ని ఈ రజతోత్సవం రోజునే ప్రారంభించారు. పుర్‌ఖౌతీ ముక్తాంగణ్‌ను 2006లో అబ్దుల్ కలాం తెరిచారు, బస్తర్ కళ అంతా ఒక తోటలో చూడొచ్చు. జంగిల్ సఫారీ ఉంది, పిల్లలుంటే తప్పదు. సోనాఖాన్ జమీందారు పేరు పెట్టిన క్రికెట్ స్టేడియంలో 2023 జనవరిలో న్యూజిలాండ్ 108కే ఆలౌటైంది. సత్యసాయి సంజీవని ఆసుపత్రిలో పసిపిల్లల గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తారు, చూడదగ్గవాటిలో దాన్ని రాయొచ్చో లేదో తెలియదు.

విశాఖ నుంచి ఆరు వరసల రోడ్డు వేస్తున్నారు, 464 కిలోమీటర్లు. అది పూర్తయ్యేలోగా 2024 సెప్టెంబర్‌లో మొదలైన దుర్గ్ వందేభారత్ ఉంది, ఒక్క పూటలో చేరుస్తుంది. ఒకటే చిక్కు. చెప్పులు కుట్టే దేవపాలుడి ఖల్లారీ మన లైను పక్కనే ఉంది, దిగాల్సిన స్టేషన్ భీమ్‌ఖోజ్. వందేభారత్ అక్కడ ఆగదు. ఆ గుడి చూడాలనుకుంటే పాత ప్యాసింజరే ఎక్కండి, పులిహోర పొట్లం మాత్రం మరిచిపోకండి.