కౌబాయ్ సినిమాలో అసలు దొంగ ఎవరు?



ఈసారి కొంచెం దూరం వెళ్దాం. అమెరికా కౌబాయ్ సినిమాల గురించి రాస్తున్నాను. పెద్ద బడ్జెట్ సినిమాలు కాదు. 1930ల్లో, 40ల్లో వరసపెట్టి చుట్టేసిన చవక సినిమాల సంగతి. "అవి మనకెందుకు?" అనుకోకండి, చివరిదాకా చదివాక మీరే చెప్పండి.

ముందు కథ. వందల సినిమాల్లో కథ దాదాపు ఒకటే. ఒక చిన్న ఊరు. ఆ ఊళ్లో ఒక పెద్దమనిషి ఉంటాడు. బ్యాంకు ఓనరో, సారా దుకాణం ఓనరో, భూముల వ్యాపారో. పైకి మర్యాదస్తుడు, లోపల బందిపోటు ముఠాకి నాయకుడు. రైలు లైను రాబోతోందనో, భూమిలో బంగారం ఉందనో అతనికి ముందే తెలుస్తుంది. చుట్టుపక్కల పశువుల ఆసాముల భూమి కాజేయాలని చూస్తాడు. వాళ్ల మందలను దొంగిలిస్తాడు, కొట్టాలు తగలబెడతాడు, అప్పు కాగితాలతో బెదిరిస్తాడు. అప్పుడు గుర్రమెక్కి ఒక కొత్త మనిషి వస్తాడు. రాళ్ల గుట్టల మధ్య తరుముతాడు, కాలుస్తాడు, ముఠాను పట్టుకుంటాడు. భూమి మళ్లీ ఆసామి చేతికి వస్తుంది. శుభం.

ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఆ ఆసామికి ఆ భూమి ఎక్కడినుంచి వచ్చింది?

ఈ సినిమాలు ఎలా పుట్టాయి

1903లో ఎడిసన్ కంపెనీ 'ది గ్రేట్ ట్రైన్ రాబరీ' తీసింది. సుమారు 12 నిమిషాల సినిమా. బందిపోట్లు రైలును దోచుకుంటారు, జనం వెంటపడి వాళ్లను చంపుతారు. పడమటి అమెరికా కథే కానీ తీసింది మాత్రం తూర్పు తీరంలో, ఎక్కువ భాగం న్యూజెర్సీలో. అంటే పడమటి కథ అక్కడి నేల మీద కాక, బయటివాళ్ల ఊహలోనే మొదలైందన్నమాట. ఆ సినిమాలో చిన్న వేషాలు వేసిన ఆండర్సన్ అనే నటుడు తర్వాత 'బ్రాంకో బిల్లీ' పేరుతో వందల చిన్న సినిమాలు తీసి మొదటి కౌబాయ్ హీరో అయ్యాడు. ఆ తర్వాత విలియం ఎస్. హార్ట్, టామ్ మిక్స్ వచ్చారు.

అసలు జోరు 1930ల్లో. 1929 తర్వాత అమెరికాలో పెద్ద మాంద్యం. జనం చేతిలో డబ్బు లేదు, థియేటర్లు ఖాళీ. అప్పుడు ఒకే టికెట్‌కి రెండు సినిమాలు చూపించడం మొదలుపెట్టారు. మొదటిది పెద్ద సినిమా. రెండోది గంట సేపు నడిచే చిన్న సినిమా. పెద్ద సినిమాకి వసూళ్లలో వాటా ఉండేది. చిన్న సినిమాకి ముందే మాట్లాడుకున్న అద్దె, అంతే. జనం ఎంత ఎగబడ్డా నిర్మాతకు పైసా ఎక్కువ రాదు. లాభం మిగలాలంటే ఖర్చు తగ్గించుకోవడం ఒక్కటే దారి.

అందుకే ఈ సినిమాలు అలా ఉంటాయి. వారం, పది రోజుల్లో షూటింగ్ పూర్తి. అవే గుట్టలు, అదే వీధి సెట్టు, అదే ముఠా, చొక్కాలు మాత్రం వేరు. మోనోగ్రామ్, రిపబ్లిక్ లాంటి చిన్న కంపెనీలు వీటి మీదే బతికాయి. హాలీవుడ్‌లో గోవర్ వీధి దగ్గర కౌబాయ్ టోపీలు పెట్టుకుని కూలీ అడ్డా మీద నిలబడ్డట్టు జూనియర్ ఆర్టిస్టులు పని కోసం నిలబడేవాళ్లు. వాళ్లలో చాలామంది పడమటి రాంచ్‌లలో నిజంగా పశువులు కాసినవాళ్లే. జాన్ వేన్ పెద్ద స్టార్ కాకముందు 1933 నుంచి 1935 దాకా 'లోన్ స్టార్' పేరుతో ఇలాంటివి 16 సినిమాలు చేశాడు. పాటలు పాడే కౌబాయ్‌గా జీన్ ఆట్రీ, తర్వాత రాయ్ రోజర్స్ వచ్చారు. శనివారం మధ్యాహ్నం ఆట అంటే పిల్లలకు పండగే.

వీటిని మొత్తంగా తీసిపారేయలేం. బ్యాంకు పక్షాన కాకుండా చిన్న ఆసామి పక్షాన నిలబడ్డాయి. మాంద్యంలో భూమి పోగొట్టుకున్న జనానికి అదొక ఊరట. జీన్ ఆట్రీ పేరు మీద పిల్లల కోసం ఒక కౌబాయ్ నియమావళి కూడా ఉంది. కౌబాయ్ అనేవాడికి జాతి ద్వేషం, మత ద్వేషం ఉండకూడదని అందులో ఉంది. మంచి మాటే. కానీ ఆ మాటకీ తెర మీద కనిపించేదానికీ మధ్య ఏం జరిగిందో చూద్దాం.

నిజం కౌబాయ్

నిజం కౌబాయ్ కూలివాడు. 1860ల చివర నుంచి 1880ల దాకా టెక్సాస్ నుంచి కాన్సాస్ రైల్వే స్టేషన్లకు వేల పశువులను తోలుకెళ్లడం అతని పని. నెల జీతం ముప్పై, నలభై డాలర్లు. జీతం చాలడం లేదని 1883లో టెక్సాస్‌లో కౌబాయ్‌లు సమ్మె కూడా చేశారు. తాడు విసరడం, జీను కట్టడం లాంటి పనితనమంతా మెక్సికో పశువుల కాపరుల దగ్గర నేర్చుకున్నదే. లాసో, రాంచ్, రోడియో అన్నీ స్పానిష్ నుంచి వచ్చిన మాటలే. టెక్సాస్ నుంచి వెళ్లిన కౌబాయ్‌లలో నలుగురిలో ఒకరు నల్లవాళ్లు అయ్యుంటారని చరిత్రకారుల అంచనా. పశువులు నడిచిన ప్రసిద్ధ చిజమ్ దారి పేరు ఎవరిదనుకున్నారు? జెస్సీ చిజమ్ అనే వ్యాపారిది. ఆయన తల్లి చెరోకీ తెగ మనిషి.

ఇంకో సంగతి. 1883లో చెరోకీలు తమ పచ్చిక భూములను పశువుల కంపెనీల సంఘానికి ఏడాదికి లక్ష డాలర్ల చొప్పున కౌలుకి ఇచ్చారు. అంటే తెల్ల ఆసాములు ఆదివాసులకు కౌలు కట్టిన రోజులున్నాయి. తెర మీద మాత్రం అందరూ తెల్లవాళ్లే. ఆదివాసికి కౌలు కట్టే ఆసామి నాకు ఏ చవక సినిమాలోనూ కనబడలేదు.

మరి ఆదివాసి ఎక్కడ?

కౌబాయ్ సినిమా అనగానే ఈకలు పెట్టుకుని అరుస్తూ వచ్చే గుంపు గుర్తొస్తుంది కదా. చిత్రం ఏంటంటే, ఈ చవక సినిమాల్లో చాలావాటిలో ఆ గుంపు కూడా ఉండదు. కారణం సోజా డబ్బు. వంద మందికి కూలి, వంద గుర్రాలకు అద్దె ఎవడిస్తాడు? ఆరుగురు బందిపోట్లయితే సరిపోతుంది. ఎప్పుడైనా దాడి సీను కావాల్సి వస్తే పాత సినిమాల్లోని ముక్కలు కోసి అతికించేవాళ్లు. అంటే ఆదివాసి గుంపు స్టాక్ షాట్ అయిపోయింది.

యాకిమా కనట్ అని గొప్ప స్టంట్‌మ్యాన్. యాకిమా అనేది ఒక ఆదివాసీ తెగ పేరు. ఆయన ఆ తెగవాడు కాదు, గుర్రాల పోటీల రోజుల్లో తగిలించుకున్న పేరది. 1939 నాటి 'స్టేజ్‌కోచ్' పెద్ద సినిమా. అందులో పరుగెత్తే గుర్రాల మీదికి దూకి, కింద పడి, బండి చక్రాల మధ్య నుంచి పోయే అపాచీ యోధుడు ఉంటాడు. ఆ డూప్ ఈయనే. పేరు మన లాంటివాళ్లది, చచ్చే వేషం మన లాంటివాళ్లది, మనిషి మాత్రం వేరే. రాయ్ రోజర్స్ గుర్రం ట్రిగర్‌కు పోస్టర్ మీద పేరుండేది. గుంపులో పరుగెత్తిన ఆదివాసికి ఉండేది కాదు.

ఆ గుట్టల కథ

కాలిఫోర్నియాలో లోన్ పైన్ అనే చిన్న ఊరుంది. దాని పక్కన గుండ్రటి రాళ్ల గుట్టలు, వాటి వెనక మంచు కొండలు. ఆ గుట్టలను అలబామా హిల్స్ అంటారు. 1920 నుంచి అక్కడ వందల సినిమాలు తీశారు. హోపలాంగ్ కాసిడీ, జీన్ ఆట్రీ, రాయ్ రోజర్స్ అందరూ అక్కడ బందిపోట్లను తరిమినవాళ్లే.

ఆ లోయ పైయూట్ ఆదివాసులది. వాళ్ల భాషలో దాని పేరు పయాహూనాదు, అంటే నీళ్లు పారే చోటు. వాళ్లు వాగులకు కాలువలు తవ్వి, గింజలిచ్చే గడ్డి, దుంపలు పెరిగే నేలను తడిపేవాళ్లు. 1861లో పశువుల ఆసాములు మందలతో దిగారు. మందలు ఆ గడ్డిని మేసేశాయి, తొక్కేశాయి. ఆ చలికాలం పైయూట్‌లకు తిండి లేదు. ఆకలికి ఆ పశువులనే పట్టుకుని తిన్నారు. ఇక్కడ ఆగి ఆలోచించండి. కౌబాయ్ సినిమా భాషలో వీళ్లనేమంటారు? పశువుల దొంగలు. కాల్పులు మొదలయ్యాయి, 1862లో సైన్యం వచ్చింది. 1863 జూలైలో తొమ్మిది వందల మందికి పైగా పైయూట్‌లను మండుటెండలో, ఎడారి దారిలో, దూరాన ఉన్న టెహోన్ కోటకు నడిపించారు. దారిలో కొందరు చనిపోయారు, కొందరు తప్పించుకున్నారు. తర్వాత చాలామంది తిరిగి వచ్చి తమ నేల మీదే ఆ రాంచ్‌లలో కూలికి కుదిరారు.

కథ అయిపోలేదు. 1913లో లాస్ ఏంజెలెస్ నగరం 233 మైళ్ల కాలువ కట్టి ఆ లోయ నీళ్లను పట్టుకుపోయింది. కింద ఉన్న పెద్ద సరస్సు పదిహేనేళ్లు తిరగకుండానే ఎండిపోయింది. ఇప్పుడు ఏడ్చింది తెల్ల రైతులు కూడా. 1937లో నగరానికీ ప్రభుత్వానికీ మధ్య భూముల మార్పిడికి చట్టం వచ్చింది. పైయూట్‌లకు కొంత భూమి దక్కింది, నీటి హక్కు మాత్రం తేలలేదు. ఇప్పటికీ తేలలేదు.

సరిగ్గా ఆ మరుసటి ఏడు, 1938లో, రాయ్ రోజర్స్ హీరోగా మొదటి సినిమా 'అండర్ వెస్టర్న్ స్టార్స్' అక్కడే తీశారు. కథేంటో తెలుసా? కరువులో ఉన్న ఆసాములకు నీళ్లివ్వని ఒక నీటి కంపెనీ మీద హీరో పోరాటం! ఆ కథ తీసిన పరిశ్రమ ఉన్నది, ఆ లోయ నీళ్లు తాగే నగరంలో. సినిమాలో ఆసాములకు న్యాయం జరిగింది. ఆ నేల అసలు మనుషులకు సినిమాలో చోటే లేదు.

చవక కౌబాయ్ సినిమా చేసిన పెద్ద పని ఇదే అనిపిస్తుంది నాకు. ఆదివాసిని విలన్‌గా చూపించడం కన్నా, అసలు లేకుండా చేయడం. దోపిడీని ఒక చెడ్డ మనిషి పనిగా చూపిస్తే చివరి రీల్లో వాణ్ని పట్టుకుంటే చాలు. చట్టమే, సైన్యమే, కాలువే చేసిన దోపిడీని పట్టుకోవడానికి ఏ షెరీఫ్ రాడు.

వాళ్లూ ఊరుకోలేదు

1911లోనే కొన్ని తెగల ప్రతినిధులు వాషింగ్టన్ వెళ్లి సినిమాల్లో తమను చూపించే తీరు మీద ఫిర్యాదు చేశారు. ఆ రోజుల్లోనే ఆదివాసీ మూలాలున్న జేమ్స్ యంగ్ డీర్ దర్శకుడిగా పనిచేశాడు. ఆయన 1910లో తీసిన 'వైట్ ఫాన్స్ డివోషన్' ఇప్పటికీ భద్రంగా ఉంది. ఆయన భార్య, హోచంక్ తెగకు చెందిన లిలియన్ సెయింట్ సిర్, 'రెడ్ వింగ్' పేరుతో 1914లో 'ది స్క్వా మ్యాన్'లో ముఖ్య పాత్ర వేసింది.

1937 నుంచి నల్లజాతి గాయకుడు హెర్బ్ జెఫ్రీస్ హీరోగా, అందరూ నల్లవాళ్లే నటించిన కౌబాయ్ సినిమాలు వచ్చాయి. అవీ చవకవే. నల్ల పిల్లలు తమ లాంటి మనిషిని గుర్రం మీద చూసుకున్నారు.

టీవీ వచ్చాక ఈ చవక సినిమాల పని అయిపోయింది. 1954కల్లా సిరీస్‌లు ఆగిపోయాయి, కథలన్నీ టీవీలోకి వెళ్లాయి. 'ది లోన్ రేంజర్' సీరియల్లో 1949 నుంచి 1957 దాకా టోంటో వేషం వేసిన జే సిల్వర్‌హీల్స్ మొహాక్ తెగవాడు, మంచి ఆటగాడు. ఆయన చేత తెర మీద విరిగిపోయిన ఇంగ్లీషు మాట్లాడించారు. ఆ మనిషే తర్వాత ఆదివాసీ నటులకు నటన నేర్పే వర్క్‌షాప్ పెట్టాడు. 1998లో క్రిస్ ఐర్ అనే ఆదివాసీ దర్శకుడు 'స్మోక్ సిగ్నల్స్' తీశాడు. రాసింది, తీసింది, ముఖ్య పాత్రలు వేసింది ఆదివాసులే. మొదటి సినిమా నుంచి అక్కడికి రావడానికి 95 ఏళ్లు పట్టింది.

మన దగ్గర

కౌబాయ్ టోపీ ఇటలీ మీదుగా మన తెలుగుకీ వచ్చింది. 1971లో కృష్ణ హీరోగా 'మోసగాళ్ళకు మోసగాడు' రాజస్థాన్ ఎడారిలో తీశారు. మన తాతలూ చూసి ఈలలేసినవాళ్లే, తప్పేం లేదు.

కానీ 'బందిపోటు' అనే మాట మాత్రం మనకు సినిమా నుంచి రాలేదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. తర్వాత అది మద్రాసు ప్రాంతానికీ వచ్చింది. పుట్టుకతోనే దొంగ అని ముద్ర. ఎరుకల కుటుంబాలను స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు తీసుకున్నారు. చట్టం 1952లో పోయింది, ముద్ర పోయిందా? అమెరికాలో కూడా 1871లోనే తెగలతో ఇక ఒప్పందాలు చేసుకోబోమని చట్టం చేశారు. రెండూ వేరువేరు ప్రభుత్వాలు, వేరువేరు సంగతులు. కానీ రెండు చోట్లా దొంగెవరో, హక్కుదారెవరో రాసే కలం మాత్రం మన చేతిలో లేదు.

కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇకమీదట ఏ సినిమాలోనైనా కొండ, అడవి, పోలీసు, దొంగ కనబడితే మూడు ప్రశ్నలు అడగండి. ఈ నేల ఎవరిది? దొంగ అని ముద్ర వేసింది ఎవరు? ఫ్రేములో లేనివాళ్లు ఎవరు?

వాళ్లకు గంట సినిమా తీయడానికి వారం, పది రోజులు పట్టింది, ఖర్చూ తక్కువే. మీ అందరి జేబుల్లో కెమెరా ఉంది. మీ గూడెంలో, మీ తండాలో భూమి చేతులు మారిన కథ తెలిసిన తాతలు, అవ్వలు ఇంకా ఉన్నారు. ఈ సెలవుల్లో ఒక్కరి దగ్గరైనా కూర్చోండి, మన మాటలోనే చెప్పించి రికార్డు చేయండి. తెచ్చి ఇక్కడ పెట్టండి. అందరం చూద్దాం.

జోహార్.